లక్నవరము చెరువుపై ఒక దినము

వరంగల్లు ప్రాంతమున పుట్టినవారికి చెరువు కొత్త కాదు. ఊరిలోనే భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు. కొంతదూరము పోయిన పాకాల, రామప్ప, గణపురము, లక్నవరము. కాకతీయ ప్రభువులు మాకు కోటను ఇచ్చిరి, గుడులను ఇచ్చిరి. కాని నేటికిని అన్నము పెట్టుచున్నవి వారి చెరువులే. అయినను మా ఆడువారికి చెరువుతో గల చుట్టరికము మోకాలిలోతు వరకే. ఏటేట బతుకమ్మను సాగనంపునపుడు పాదములు తడుపుకొని, చేతులతో నీటిని కదలించి, పసుపు కుంకుమలు వదలి మరలివత్తుము. ఆపైని లోతు మాకు ఎరుక లేదు. ఎరుగవలెనను కోరికయు లేకుండెను. గత సంక్రాంతి సెలవులలో లక్నవరము పోయివచ్చిన పిదప ఆ మాట నిశ్చింతగా అనుటకు మాకు నోరాడుటలేదు. కావున ఆ ప్రయాణమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రయాణమునకు కారణము మా అక్కగారి కుమారుడు. అతడు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ఇంజనీరు. వయస్సు ఇరువదియేడు. ఆ రాష్ట్రము సరస్సుల సీమ. అతడు నివసించు ఊరిచుట్టును నీరే. అక్కడ ఒక మిత్రుని మూలమున అతనికి, పాదములకు చెక్క తగిలించుకొని మోటారు పడవ వెంట త్రాడు పట్టుకొని నీటిపై జారు క్రీడ అలవడినది. దానిని వాటర్ స్కీయింగ్ అందురు. అందును ఒక్క చెక్కపైననే రెండు పాదములును నిలిపి, నీటిపై తేలు బంతులను చుట్టుచు మెలికలు తిరుగుచు పోవుటకు స్లాలం అని పేరు. అది నార్వేదేశపు మాట. మంచుకొండలపై జారువారి నుండి నీటిమీదికి దిగివచ్చినది. మావాడు జీతమునకు ఆడువాడు కాడు, ఇష్టముచేత ఆడువాడు. గత వేసవిలో పడి, తొడ వెనుకటి కండరము మొదలంట ఎముకనుండి ఊడి, శస్త్రచికిత్స చేయించుకొని, నడక కుదిరిన పిదప తల్లిని చూచుటకు కరీంనగరమునకు వచ్చినాడు.

అక్కగారు మాకు ఫోను చేసినది. "చెల్లె! వీడు మరల ఆ చెక్క యెక్కుదునని అనుచున్నాడు. కాలు తెగినను బుద్ధి రాలేదు. నా మాట చెవిని పెట్టడు. పసితనమునుండి నీ మాట వినును. పండుగకు నీయొద్దకు పంపెదను, ఎట్లయినను మాన్పింపుము" అని కంటతడి పెట్టినది. మేమును సరే అంటిమి. మాన్పించుట ధర్మమని మాకును తోచినది. ఒక్కగానొక్క కొడుకు, పెండ్లి కావలసినవాడు.

కనుమ మరునాడు ఉదయము మావారు, మేము, పండ్రెండేండ్ల మా అమ్మాయి, అక్కగారి అబ్బాయి కారులో బయలుదేరితిమి. సద్దికి పులిహోర, పెరుగన్నము, పండుగకు చేసిన సకినాలు. హనుమకొండనుండి ములుగు త్రోవ. ములుగు చేరుటకు ముందే గట్టమ్మ గుడికడ వాహనములన్నియు నిలుచును. మేడారము పోవువారు ఆమెకు మ్రొక్కనిదే ముందునకు సాగరు. ఆ సీమ పూర్వము వరంగల్లు జిల్లాలోనిదే. 2019 సంవత్సరమున ములుగు వేరు జిల్లా అయినది.

త్రోవ తప్పి కొంచెము లోనికి పోయి పాలంపేటలో రామప్పగుడిని కూడ చూచితిమి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వములలో చేర్చినారు. దానిని గూర్చి వ్రాసినవారు చాలమంది ఉన్నారు గనుక మేము శిల్పముల జోలికి పోము. విమానపు ఇటుకలు మాత్రము నీటిలో వేసిన తేలునవి. వాని నిండ సూక్ష్మమైన రంధ్రములుండుటచే అవి అంత తేలిక. అది విని మా అమ్మాయి "అన్నా! నీ చెక్కయు ఇట్టి ఇటుకతో చేసినదేనా?" అని అడిగినది. "కాదమ్మా! నా చెక్క నిలిచియున్న మనిషిని తేల్చజాలదు. పరుగెత్తినంతసేపే మోయును. పడవ ఆగిన మునుగుటయే" అని అతడు నవ్వినాడు. మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ఇచ్చట ప్రవరుని పాదలేపనము జ్ఞాపకము రాకపోదు. మంచునకు లేపనము కరగినంతనే ఆ విప్రుడు హిమవంతమున చిక్కుకొనెను గదా! వీనికి పడవ ఆగుటయే లేపనము కరగుట.

హనుమకొండనుండి సుమారు 75 కిలోమీటర్లు పోయిన పిదప గోవిందరావుపేట దాపున అడవిలోనికి మలుపు. టేకుచెట్ల నడుమ కొంతదూరము పోయినంతనే ఒక్కమారుగా నీరు కనబడును. కొండల నడుమ కట్టలు వేసి కాకతీయుల కాలమున నిలిపిన నీరది. మునుగక మిగిలిన గుట్టలే నేడు దీవులు. ఒడ్డునుండి ఒక దీవికి ఇనుప త్రాళ్లపై వ్రేలాడు వంతెన. నడచునపుడు అది ఉయ్యెలవలె ఊగును. మావారు ముప్పది యేండ్ల పిల్లవానివలె నడుమ నిలిచి ఊపిరి. మేము కమ్మిని విడువలేదు. వానకాలపు నీరు ఇంకను నిండుగ నుండెను. తూములనుండి విడిచిన నీటితో దిగువ వరిమళ్లు నాట్లకు సిద్ధమగుచుండెను. కాళ్లతో త్రొక్కు పడవలు, మోటారు పడవలు త్రిప్పుచున్నారు కాని, మావాని క్రీడ అక్కడ లేదు. ఆ మాటకు వచ్చిన మన ప్రాంతమున హైదరాబాదులో హుస్సేన్ సాగరముపై తెరచాప పడవల పందెములు ప్రసిద్ధములు.

దీవిలో ఒక చెట్టునీడను దుప్పటి పరచి కూర్చుంటిమి. మాన్పించుటకు ముందు వ్యాధియేమో తెలిసికొనవలెను గదా అని, ఆ ఆట యెట్లాడుదురో చెప్పుమంటిమి. అతడు దుప్పటిపై ఆరు సకినాలు పెట్టినాడు. మూడు కుడివైపున, మూడు ఎడమవైపున, ఒకదాని కొకటి ఎదురుగాక, మార్చి మార్చి. నడుమ పడవ తిన్నగా పోవును. పడవ వెనుక త్రాడు పట్టినవాడు మొదట రెండు బంతుల ద్వారమున దూరి, ఆరింటిని వెలుపలినుండి చుట్టి, మరల ద్వారమున వెలువడవలెను. ఈ ద్వారమునుండి ఆ ద్వారమునకు 259 మీటర్లు. ప్రతి బంతియు పడవత్రోవ నడిమికి 11.5 మీటర్ల దూరము. పురుషులకు పడవ వేగము గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55. ముప్పదియైదేండ్లు దాటిన పురుషులకు అమెరికాలో దానిని తగ్గింతురు. అంతయు కలిపి పదునారు పదునేడు సెకండ్లలో ముగియును. ఇంతలో మూడవ సకినమును ఒక కోతి ఎత్తుకొనిపోయెను. చెప్పుట కొంతసేపు ఆగినది.

మావారు లెక్కల పంతులు. వేగము నిండిన పిదప ఆట యెట్లు కఠినమగునని అడిగిరి. త్రాడు కురుచ చేయుదురట. మొదట 18.25 మీటర్లు, గెలిచినకొలది 16, 14.25, 13, 12, పిదప 11.25. అక్కడికి రాగానే మావారు చేయి యెత్తిరి. "బంతి 11.5 మీటర్ల దూరమున నున్నదంటివి. త్రాడు 11.25 మీటర్లు. ఇది జరుగదు." అతడు కన్నులు మెరయుచుండగా "అదే చిన్నాయనా ఆట! త్రాడు చాలని చోట మనిషి చాలవలెను. ఒంటిచేత పిడి పట్టి, మేనంతయు నీటిపై వాల్చి, చెక్కను బంతి ఆవలికి చాపవలెను" అన్నాడు. లోకములో మేటివారు 9.75 మీటర్ల త్రాటితోను బంతులను చుట్టుదురట. మావారు జేబునుండి కలము తీసి కాగితముపై త్రిభుజములు గీయసాగిరి. వారికి ఆ పూట పులిహోర రుచించినదో లేదో మేము ఎరుగము.

ఈ క్రీడ పుట్టుక మన వంటింటికి దూరము కాదు. 1922 జూలైలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్‌సన్ అను పదునెనిమిదేండ్ల పిల్లవాడు మొట్టమొదట నీటిపై నిలిచినాడు. మొదట పీపాచెక్కలు కట్టుకొని మునిగెను. మంచుచెక్కలు కట్టుకొని మునిగెను. పిదప ఎనిమిదడుగుల పలకలు రెండు కొని, తల్లి బట్టలు ఉడికించు రాగి కాగులో వాని కొనలు ఉడుకబెట్టి పైకి వంచినాడు. చెక్కమొన లేచియున్న నీటిలో గ్రుచ్చుకొనదని అతనికి అప్పుడు తెలిసినది. ఆ తల్లి తన కాగు సంగతి తెలిసి యేమన్నదో చరిత్రకారులు వ్రాయలేదు, మేము ఊహింపగలము.

నేటి చెక్క కొయ్య కాదు, కార్బన్ నారతో చేసినది. మనిషి యెత్తునకు కొంచెము తక్కువ. మేలురకపుదాని వెల మన రూపాయలలో లక్షకు మించును. అడుగున వెనుకభాగమున చేపరెక్కవంటి లోహపు రేకు ఉండును. దానిని అంగుళములో వెయ్యవవంతుల లెక్కను ముందువెనుకలకు జరిపి, నేడు తిరిగినది, నేడు తిరుగలేదు అని వీరు రాత్రులు మథనపడుదురట. పాదములకు జోడువంటి తొడుగులు, అరచేతులకు గట్టి చేతితొడుగులు, మేనికి తేలు చొక్కా. పడవ వేగమును ఆకాశమందలి ఉపగ్రహముల సంకేతములతో యంత్రమే నిలుపును. నడుపువాని చేతివాటమునకు చోటులేదు.

ఇక దెబ్బల మాట. అక్కగారి పక్షమున దీనిని శ్రద్ధగా అడిగితిమి. చెక్కమొన నీటిలో గ్రుచ్చుకొన్న మనిషి ముందునకు విసరబడును. ఆ క్షణమున మోకాలు చాచియుండి నడుము వంగిన, తొడ వెనుకటి కండరము తెగును. ఒకపాదము తొడుగునుండి ఊడివచ్చి రెండవది రాకున్న చీలమండ విరుగును. కావున రెండును ఊడవలెను, లేదా రెండును ఊడరాదు అని వారి సూత్రము. ప్రక్కకు పడిన నీటి దెబ్బకు కర్ణభేరి చిల్లిపడుట కలదు. త్రాటిమెలికలో వ్రేలు చిక్కిన వ్రేలికే మోసము. స్త్రీలకు మరియొక అపాయము కలదు. దానిని చెప్పుటకు అతడు సిగ్గుపడి, అక్కడి వైద్యుల కరపత్రమును మాకు ఫోనులో చూపినాడు. వేగముగా పడినపుడు నీరు దేహద్వారములలోనికి ఒత్తిడితో చొచ్చి లోపల గాయపరచును. అందుచేత ఆడువారు పలుచని స్నానపు దుస్తులతో ఎక్కక, దళసరి రబ్బరు లాగు తొడుగవలెనని వైద్యులు ఘోషించుచున్నారు. జలక్రీడలకు పోవు మన పిల్లలకు ఎవరును ఇట్టి సంగతులు చెప్పరు గనుక మేము దాచక వ్రాసితిమి.

"ఇన్ని తెలిసియు ఎట్లు పడితివి?" అంటిమి. అతడు కొంతసేపు నీటివంక చూచినాడు. ఆనాడు సాయంకాలమట. ఆరుమార్లు పోయి అలసియున్నాడట. పడవ నడుపు మిత్రుడు చాలు అన్నాడట. వారము గడచిన పోటీ. 12 మీటర్ల త్రాటితో ఆరింటిని ఒక్కమారయినను చుట్టవలెనని పట్టుదల. ఏడవమారు నాలుగవ బంతికడ ముందుకాలు తొడుగులో చిక్కి, వెనుకకాలు ఊడెను. "టప్పుమని శబ్దము వినబడినది చిన్నమ్మా! చెక్క విరిగినదనుకొంటిని. చెక్కకు గీత కూడ పడలేదు." పడినవాడు క్షేమమయిన రెండుచేతులు తలపై జోడించి చూపవలెనట, పడవవారు దానికై చూతురు. ఆనాడు అతడు చేతులు ఎత్తలేదు. ఈ సంగతి తల్లికి చెప్పలేదన్నాడు.

పోటీల మాట వచ్చినపుడు మాత్రము అతని మొగము వేరు. తెల్లవారకముందే సరస్సునకు పోవుదురు. గాలి లేవకముందు నీరు అద్దమువలె నుండును. పదునారు సెకండ్ల వంతుకై నాలుగుగంటలు గట్టున కూర్చుండుట. పడవలో ఒక న్యాయనిర్ణేత, గట్టున మంచెలపై మరికొందరు, బంతిలో పావు వంతు, అర వంతు లెక్కింతురు. పడినయెడల ఆ వరుస అంతటితో సరి. ఒకరి చెక్క విరిగిన ప్రత్యర్థియే తన చెక్క ఇచ్చును. ఏడేండ్ల పసివారు మొదలు ఎనుబది దాటిన వృద్ధుల వరకు వయస్సునుబట్టి తరగతులు. తల్లులు వండి తెత్తురు, భార్యలు లెక్కలు వ్రాయుదురు, కొందరు తామే ఎక్కుదురు. రెజీనా జాక్వెస్ అను ఆమె ఔషధశాస్త్రము చదివి మందుల నిపుణురాలుగ పనిచేయుచునే మహిళల స్లాలమున ప్రపంచ రికార్డును పలుమార్లు తానే తిరిగి వ్రాసినదట. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలప్పుడు ఈ ఆటను ప్రదర్శనగా ఆడించిరి గాని, పతకముల ఆటలలో చేర్చలేదు. ధనమును లేదు, కీర్తియు లేదు. మరి యెందులకని అడిగితిమి. "గట్టున కూర్చున్నవారందరికి నా పేరు తెలియును" అన్నాడు. పరదేశమున ఒంటరిగ నుండు పిల్లవాని నోట ఆ మాట విన్నపుడు, మేము మనస్సులో సిద్ధపరచుకొన్న హితోపదేశములో సగము ఎగిరిపోయినది.

సాయంకాలము మోటారు పడవ యెక్కితిమి. తేలు చొక్కాలు ఇచ్చినారు. చీర పయిటపై దానిని తొడిగి మేము బొమ్మవలె కూర్చుంటిమి. మా అమ్మాయి చొక్కాను అతడు విడువక, ప్రతి పట్టీ లాగి బిగించి, భుజములకడ పట్టి పైకెత్తి, గడ్డము దాటి రాకుండునట్లు చూచినాడు. పడవ వేగమందుకొనినది. వెనుక రెండు పాయలుగ చీలిన తెల్లని నురుగును అతడు చూచుచుండెను. అతని వ్రేళ్లు పడవ కమ్మిని త్రాటిపిడివలె పట్టియుండుట మేము గమనించితిమి. అప్పుడు అతడు మావైపు తిరిగి మెల్లగా "చిన్నమ్మా! చెల్లికి ఈత వచ్చునా?" అన్నాడు.

రాదంటిమి.

"మీకు?"

మేము మారుమాటాడలేదు. మాకు తొమ్మిదేండ్లప్పుడు మా పుట్టినూరి చెరువున సద్దుల బతుకమ్మనాటి సంజవేళ జరిగినది కన్నులముందు నిలిచినది. మా యీడుపిల్ల, మా ప్రక్కనే నిలిచి తన చిన్న బతుకమ్మను నీటవిడిచి, అది మరలివచ్చుచున్నదని ఒక్కమెట్టు దిగి చేతితో త్రోసినది. ఆ మెట్టుకు పాచి. ఆ గట్టున నలుబదిమంది ఆడువారము ఉంటిమి; పట్టుచీరలు, దీపములు, పాట. ఒక్కరికిని ఈత రాదు. అరచితిమి. పసులకాపరి యొకడు కట్టమీదినుండి పరుగెత్తి వచ్చి దూకువరకు ఆ పిల్ల చేయి రెండుమార్లు పైకి వచ్చినది. పువ్వులు ఆమెకన్న ఎక్కువసేపు తేలినవి. ఆ పిదప మా తల్లిగారు మమ్ము చెరువు దరిదాపులకు పోనీయలేదు. మేమును మా బిడ్డను అట్లే పెంచితిమి. అది రక్షణ అనుకొంటిమి.

ఈ కథ మావారికి కూడ సాంతముగ ఎన్నడును చెప్పియుండలేదు. తిరుగు ప్రయాణమున, చీకటిలో, ములుగు దాటిన పిదప చెప్పితిమి. కారులో ఎవరును పలుకలేదు. హనుమకొండ దీపములు కనబడుచుండగా అక్కగారి అబ్బాయియే "అలసినపుడు ఎక్కనని అమ్మకు మాట ఇత్తును చిన్నమ్మా. పూర్తిగా మానుదునని ఇయ్యలేను, ఇచ్చిన అబద్ధమగును" అన్నాడు. తొమ్మిదినెలలు నిండనిదే చెక్క ముట్టరాదని వైద్యుని ఆజ్ఞ. దానిని మీరననియు, పడవ నడుపువాడు చాలు అన్నపుడు త్రాడు విడుతుననియు మా అమ్మాయి చేతిలో చేయివేసి చెప్పినాడు. ఏడవమారు సంగతి తల్లికి తానే చెప్పవలెనని మేము పట్టుపట్టితిమి. అది అతనికి అన్నిటికంటె కష్టముగ తోచినది.

ఆ రాత్రి అక్కగారికి ఫోను చేసితిమి. మాన్పింపలేదని చెప్పుటకు మాకు నోరు తడియారినది. ఆమె చాల కోపించినది. "నీ కొడుకైన ఇట్లే అందువా?" అన్నది. తప్పుమాట కాదు. మేమును దానికి జవాబు చెప్పలేకపోతిమి. కన్నతల్లి భయమునకు లెక్కలును, సూత్రములును మందు కావు. పదిదినములు ఆమె మాతో మాటాడలేదు. పదునొకండవనాడు ఫోను చేసి, వేరేమియు అడుగక, కాలిజోడు రెండును ఒక్కమారే ఊడునట్టిది కొన్నాడో లేదో వానిని అడుగుమన్నది.

మాఘమాసమునుండి మేమును మా అమ్మాయియు హనుమకొండలో ఒక ఈతకొలనుకు పోవుచున్నాము. సాయంకాలము ఒక గంట ఆడువారికే విడిచిపెట్టుదురు. నేర్పునదియు ఒక యువతియే. మొదటిదినమున ఆ దుస్తులు తొడుగుకొని బయటికి వచ్చుటకే మాకు పావుగంట పట్టినది. లోపల చూడగా మాకంటె పెద్దవారు ఇద్దరు నీటిలో నుండిరి. అందొకామె మనుమరాలితో వచ్చినది. ముందు నీటిలో ముఖము ముంచి బుడగలు వదలుట, పిదప గట్టు పట్టుకొని కాళ్లు ఆడించుట, పిదప వెల్లకిల తేలుట. మా అమ్మాయి పండ్రెండవనాడు కొలను అడ్డముగ ఈదినది. ఆవలిగట్టు చేరి, ఊపిరి తిరుగకముందే, రెండుచేతులు తలపై జోడించి మాకు చూపినది. ఎవరు నేర్పినారో వేరే చెప్పనక్కరలేదు.

మేము మాత్రము ఇంకను కమ్మిని విడువలేదు. నేర్పు పిల్ల మా చేతి వ్రేళ్లను ఒక్కొక్కటిగ తీయించుచున్నది. నిన్నటికి మూడు వ్రేళ్లు మిగిలినవి.